నిమ్మరసం వద్దన్న సారు

ఆ సాయంత్రం మహబూబాబాద్ దీక్షా శిబిరంలో నిమ్మరసం గ్లాసులు పన్నెండు వచ్చాయి. పన్నెండూ చాలాసేపు స్టీలు పళ్లెంలోనే ఉండిపోయాయి. శిబిరం కన్వీనర్ మొదటి గ్లాసు తీసి సారు నోటి దగ్గరికి తెచ్చాడు. సారు దాన్ని మోచేత్తో మెల్లగా పక్కకు జరిపి, చొక్కా జేబులోంచి ఒక మడత కాగితం తీశారు.

"ముందు దీని మీద సంతకం పెట్టు. తారీఖు ఏసి పెట్టు. తర్వాత తాగుతం."

రిలే దీక్షకు ఒక పద్ధతి ఉండేది. రోజుకో సంఘంవాళ్లు పొద్దున దండలు వేసుకుని టెంటు కింద కూర్చుంటారు. సాయంత్రం ఎవరో ఒక పెద్దమనిషి చేత నిమ్మరసం తాగి లేస్తారు. తాగకపోతే దీక్ష విరమించినట్టు కాదు. విరమించకపోతే మరునాటి సంఘానికి చోటు లేదు, నల్లబోర్డు మీద రాసిన రోజుల అంకె మారదు. ప్రత్యేక రాష్ట్రం కోసం నెలల తరబడి తెగకుండా నడుస్తున్న దీక్షల వరసను రిటైరైన ఒక లెక్చరర్ పత్తి కోసం ఆపేశారు. ఆయన వెనుక నెల్లికుదురు వైపు తండాల నుంచి వచ్చిన పదకొండు మంది పత్తి రైతులు కూర్చుని ఉన్నారు. నేను మా పత్రిక తరఫున టెంటు పక్కన నిలబడి రాసుకుంటున్నాను.

సారు పోయిన నెల చనిపోయారు. స్టేషనుకు పోయే దారిలో శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కట్టారు. నడుమ ఆయన ఫోటో, పక్కన దానికి రెండింతలుగా అప్పటి కన్వీనర్ ఫోటో, అడుగున వరుసగా చిన్న చిన్న ముఖాలు. నేను ముందు అడుగు వరసే చదివాను. అలా కింది నుంచి చదవడం ఆయన నేర్పిందే.

ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. తన పేరు అచ్చులో కనబడితే సంతోషించే మనిషి కాదు. పక్కన ఎవరి పేరు ఉందో చూసేవారు.

మొదటిసారి జనగామ బస్టాండులో కలిశాం. అప్పుడాయన అక్కడి కాలేజీలో రాజనీతిశాస్త్రం చెప్పేవారు. ఎన్నికల రోజులు. నా చేతిలో ఎవరో పెట్టిన కరపత్రం ఉంది. రైతుల ఐక్యత గురించి పెద్ద అక్షరాలతో ఏదో రాసుంది. బెంచీ మీద నా పక్కన కూర్చున్న ఒక సన్నపాటి మనిషి అడగకుండానే దాన్ని తీసుకున్నారు. శీర్షిక వైపు చూడనే లేదు. అడుగున చీమ కాళ్లలా ఉన్న ముద్రణాలయం పేరును కళ్లజోడు ఎత్తి చూశారు.

"దీని ఎనుక ఎవలున్నరు?" అన్నారు.

"రైతు సంఘం అని రాసుంది కదండీ."

"రాసుంటది. గీ ప్రెస్సు జిన్నింగు మిల్లు సేటు బామ్మర్దిది. పత్తి కొనెటోని ఇంట్ల పత్తి అమ్మెటోని సంఘం పుట్టిందంటే మనం ఏమనుకోవాలె తమ్మీ?"

ఆ ప్రశ్న ఆయన జీవితమంతా అడిగారు. పెళ్లి శుభలేఖ ఇస్తే అడుగున ఉన్న శ్రేయోభిలాషుల పేర్లు ముందు చదివేవారు. మిర్చి బజ్జీల పొట్లం విప్పితే బజ్జీ చల్లారిపోయేదాకా కాగితం చూసేవారు. ఎవరైనా పొగిడితే, "నిన్నెవలు పంపిండ్రు?" అనేవారు. నవ్వుతూ అనేవారు కాదు. ఒకసారి ఆయన చెప్పిన పాఠం బాగుందని ఒక విద్యార్థి అన్నాడట. ఆ పిల్లవాడికి పరీక్ష రాయడానికి హాజరు తక్కువైందేమోనని రిజిస్టరు తీసి చూశారట. నిజంగానే తక్కువైందని తర్వాత నాకు చెప్పారు. సంతకం చేయవలసి వస్తే ముందు తేదీ వేసేవారు, ఆ తర్వాతే పేరు. తేదీ లేని సంతకం తల లేని మొండెం అనేవారు.

ఆయనకు ఇష్టమైన పాఠం అమెరికా ప్రభుత్వం. సిలబసులో ఉన్నది కొంతే. ఆయన చెప్పేది చాలా ఎక్కువ. ఇంటర్నెట్ సెంటర్లు వచ్చాక ఆ దేశపు చట్టసభ చర్చలు అచ్చు వేయించుకుని ఎర్ర పెన్సిలుతో గీతలు గీసుకునేవారు. ఆయన చెప్పిన తీరు నాకు ఇప్పటికీ గుర్తుంది.

"ఆడ పార్టీలు రెండు. రెండిండ్లకు ముందొక తలుపు, ఎనుకొక తలుపు. ముందు తలుపు కాడ ఓటరు నాలుగేండ్లకొకసారి నిలవడతడు. ఎనుక తలుపు కాడ సంఘం రోజూ నిలవడతది. తుపాకులోల్లు, మందుల కంపెనీలోల్లు, టీచర్లు, ముసలోల్లు, మక్కజొన్నోల్లు, పత్తోల్లు. ఏ పార్టీ గెలిచినా ఆ నిలవడుడు ఆగదు."

"అది తప్పంటారా సార్?"

"తప్పని నేనన్ననా? ఎనుక తలుపు కాడ మనోడు ఎందుకు లేడన్నదే నా బాధ."

పత్తి మాట వస్తే ఆయన గొంతు మారేది. అమెరికాలో పత్తి పండించేది పిడికెడు మంది. అయినా వాళ్ల సంఘం రెండు పార్టీలనూ పట్టుకుని, ప్రతి వ్యవసాయ చట్టంలోనూ తమ వంతు ప్రభుత్వ సాయం రాయించుకుంటుంది. ఆ సాయం అండతో అక్కడి పత్తి చవగ్గా ప్రపంచంలోకి వస్తే, ఇక్కడ వరంగల్ యార్డులో ధర దిగుతుంది. పిడికెడు మందికి అంత బలం ఎలా వచ్చిందో ఆయన మూట లెక్కన చెప్పేవారు. పట్నాల సభ్యులకు పేదల తిండి కూపన్లు కావాలి. పల్లెల సభ్యులకు పంట సాయం కావాలి. విడివిడిగా పెడితే రెండూ ఓడిపోతాయి. అందుకని రెండింటినీ ఒకే చట్టంలో మూట కట్టారు. నీ దానికి నేను, నా దానికి నువ్వు చెయ్యెత్తుడు.

"మూట కట్టుడు రానోడు రాజకీయం చెయ్యొద్దు" అనేవారు.

ఉద్యమం రెండోసారి లేచింది. ఢిల్లీ ఒక మాట ఇచ్చి వెనక్కి తీసుకున్నాక ఊరూరా టెంట్లు వెలిశాయి. అప్పటికి ఆయన రిటైరై మహబూబాబాద్‌లో ఉంటున్నారు. రోజూ పొద్దున టెంటు దగ్గరికి వచ్చి ఒక మూల నిలబడేవారు. ఏ రోజు ఏ సంఘం కూర్చుందో నోటుబుక్కులో రాసుకునేవారు. ఆటోవాళ్లు, వకీళ్లు, టీచర్లు, కులసంఘాలు, బట్టల దుకాణాలవాళ్లు. బ్యానర్ మీద రాష్ట్రం అని ఉండేది. నిమ్మరసం తాగాక కన్వీనర్ చేతిలో పెట్టే వినతిపత్రంలో ఆటో స్టాండో, కమ్యూనిటీ హాలో, బదిలీయో ఉండేది. ఆయన దాన్ని వెక్కిరించలేదు. "అమెరికాల దీన్ని లాబీ అంటరు. మన దిక్కు టెంటు అంటున్నరు, అంతే ఫరక్" అన్నారు.

మా పత్రికవాళ్లు కొంతకాలం నన్ను భూపాలపల్లికి మార్చారు. ఆయన సొంతూరు ఆ దారిలోని రేగొండ. ఊరికి వచ్చినప్పుడల్లా బస్సెక్కి నా దగ్గరికి వచ్చేవారు. ఒకరోజు బొగ్గుగని కార్మికుల టెంటు చూద్దామన్నారు. అక్కడ నాయకులు బారులు తీరి ఉన్నారు. హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్లు కూడా కార్మికుల పక్కన నేల మీద కూర్చుని, వాళ్లు చెప్పేది తలలూపుతూ వింటున్నారు. సారు చాలాసేపు చూశారు.

"బొగ్గు ఆగితే కరెంటు ఆగుతది. కరెంటు ఆగితే పట్నం పరేషాన్ అయితది. అందుకే ఇంటున్నరు. పత్తి ఆగితే ఎవలికి ఏమాగుతది తమ్మీ?"

తిరుగు బస్సులో ఆయనే అన్నారు. "రాష్ట్రం అనే మూటల పత్తిని గూడ కట్టాలె. గెలిచినంక కడ్తమంటే ఎవలూ కట్టరు."

అలా పత్తి రైతుల రోజు పుట్టింది. పత్తి రైతులు కులం కాదు, యూనియన్ కాదు. దీక్షల జాబితాలో వాళ్లకు రోజే లేదు. సారు కన్వీనర్‌ను అడిగి ఒక రోజు తెచ్చుకున్నారు. కన్వీనర్ ఆయన పాత శిష్యుడు. జనగామ కాలేజీలో మొదటి బెంచీ. అమెరికా పాఠాలన్నీ విన్నవాడు. ఇద్దరూ కన్వీనర్ ఇంట్లో ఒక పూటంతా మాట్లాడుకున్నారని విన్నాను. ఏం మాట్లాడుకున్నారో అప్పుడు నేను పట్టించుకోలేదు.

ఆ రోజుకు మనుషుల్ని తెచ్చింది సక్రి. నెల్లికుదురు దగ్గరి తండా ఆమెది. ఇంట్లో లంబాడీ మాట, బయట మా అందరి తెలుగు. భర్త పనికి వలసపోయాడు, నాలుగెకరాల పత్తి ఆమె చేతి మీదే ఉంది. సక్రికి కావలసింది ఒక్కటే. ప్రభుత్వ పత్తి కొనుగోలు సెంటరు మండలంలో పెట్టాలి. లేకపోతే బండి మాట్లాడుకుని దూరం యార్డుకు పోవాలి. అక్కడ తేమ ఉందని ధర కోస్తే తిరిగి తెచ్చుకోలేక ఇచ్చి రావాలి. సారు కాగితంలో రాసింది కూడా ఇదే. రాష్ట్రం వచ్చాక మొదటి పత్తి సీజనుకే మండలానికో సెంటరు, దానికి పూచీగా సంతకం. ఒకే కాగితం, ఆయన చేతిరాత.

దీక్షకు నాలుగు రోజుల ముందు తండాలో ఆయన ఆ పాఠమే చెప్తుంటే నేనున్నాను. సక్రి పత్తి గింజ గిల్లుతూ వింటోంది.

"ఆడ పత్తి ఏరేది ఆడోల్లేనా సారూ?"

"మిషన్లు ఏరుతయ్."

"నడుము నొయ్యని పత్తికి సర్కారు పైసలెందుకిస్తది?"

"సంఘం ఉన్నది గనుక."

"మనకు నడుమున్నది, సంఘం లేదు" అంది సక్రి. తండా ఆడవాళ్లు నవ్వారు. సారు కూడా నవ్వారు. ఆయన నవ్వగా నేను చూసింది చాలా తక్కువ.

"దీక్ష నాడు ఆల్లు గిలాస పట్టుకొస్తరు. సంతకం పడ్డదాంక తాగొద్దు. గది ఒక్కటే మన చేతుల ఉన్నది" అన్నారు.

సక్రి ఆయన ముఖంలోకి చూసింది. "మీరు తాగుమన్నదాంక తాగ సారూ."

ఇక ఆ సాయంత్రం. సారు మడత కాగితం ముందుకు చాపి కూర్చున్నారు. కన్వీనర్ దాన్ని అందుకోలేదు. వంగి, అందరికీ వినబడేలా మర్యాదగానే మాట్లాడాడు.

"సార్, సంతకం ఎంతసేపు. ఇయ్యాల పత్తి కాయిదం మీద పెడ్తే రేపు ఆటోలోల్లు తెస్తరు, ఎల్లుండి ఇంకోల్లు తెస్తరు. అప్పుడు మన డిమాండు ఒక్కటేనా, నూరా? ఢిల్లీల ఎవలన్న ఇంటరా? మీరు చెప్పిన పాఠమే కద సార్, ముందు గెల్వాలె అని."

"ఒక్కటే డిమాండు పెట్టినోడు గెలిచినంక మిగతాయి ఎవల నడుగుతడు?"

"మమ్ములను అడుగుండ్రి."

"అప్పుడు నువ్వు ఎనుక తలుపు కాడ ఎవలతోటి మాట్లాడుతుంటవో నాకేం ఎరుక?"

జనం మూగారు. ఒకరిద్దరు కేకలేశారు. పత్తి పేరు చెప్పి ఉద్యమాన్ని చీలుస్తున్నాడన్నారు. ఎవరో "ముసలాయనను ఎవలు పంపిండ్రు?" అన్నారు. ఆయన ప్రశ్న ఆయనకే తగిలింది. సారు కదల్లేదు. ఐదున్నర దాటింది. రేపటి సంఘంవాళ్లు వచ్చి మా సంగతేమిటని అడిగి పోయారు. పన్నెండు గ్లాసుల మీదా ఈగలు వాలుతున్నాయి.

అప్పుడు పడమటి వైపు నుంచి మబ్బు లేచింది.

కన్వీనర్ తల ఎత్తి ఆకాశం చూశాడు. తర్వాత సారును వదిలేసి సక్రి ముందు కూర్చున్నాడు. గ్లాసు ఆమె వైపు పట్టుకున్నాడు.

"అక్కా, మబ్బు పట్టింది. పత్తి ఏడ ఎండబోసినవ్?"

ఆమె పత్తి వాకిట్లో ఉందని మా అందరికీ తెలుసు. పొద్దున దీక్షకు వచ్చేటప్పుడు ఎండ బాగుందని ముసలి అత్తను కాపలా పెట్టి పరిచి వచ్చింది. తడిస్తే ఏడాది పంట అడిగిన రేటుకు ఇచ్చేయాల్సిందే. ఆఖరి ఆటో ఆరింటికి. ఆమె మబ్బును చూసింది, సారును చూసింది. సారు తాగమనలేదు. తాగవద్దని కూడా అనలేదు. కాగితం అలాగే పట్టుకుని కూర్చున్నారు.

సక్రి గ్లాసు తీసుకుని ఒక్క గుక్కలో తాగేసింది. ఆమె వెనుక పది మందీ తాగారు. చప్పట్లు మోగాయి. కన్వీనర్ పన్నెండో గ్లాసు తీసేసరికి సక్రి దాన్ని అతని చేతిలోంచి లాక్కుని, తానే సారు నోటికి అందించింది.

"తాగుండ్రి సారూ. పత్తి నానితే ఈ కాయిదం పొయిల పెట్టుకోవాలె."

ఆయన తాగారు. కాగితం జేబులో పెట్టుకున్నారు. దాని మడత ఆ రోజంతా విప్పలేదు. ఎవరూ విప్పమని అడగలేదు. సంతకం పెట్టవలసిన కన్వీనర్ కూడా అందులో ఏముందో చూపమనలేదు. ఇది నాకు చాలా ఏళ్ల తర్వాత తట్టింది. దగ్గరుండి చూసి రాయడమే పని అయిన నేను ఆ రోజు అది గమనించలేదు. నా వార్త మరునాడు రెండు అంగుళాలు వచ్చింది, శిబిరంలో కొద్దిసేపు గందరగోళం అని.

రెండు రోజులకు కూరగాయల మార్కెట్లో కరపత్రం పంచారు. పత్తి ముసుగులో ఉద్యమ ద్రోహి అని పైన. కోస్తా వ్యాపారులు ఆయన్ను పంపారని లోపల. సారు దాన్ని తిప్పి అడుగు చూశారు. ప్రెస్సు పేరు లేదు. వెలుతురుకు పట్టి చూశారు, కాగితాన్ని వేళ్లతో నలిపి చూశారు.

"దీని ఎనుక ఎవలున్నరు?" అన్నారు నాతో. జవాబు తెలియకుండా ఆయన ఆ ప్రశ్న అడగడం నేను విన్నది అప్పుడే. తర్వాత టెంటు వైపు రాలేదు. తండాకూ పోలేదు. సక్రి రెండుసార్లు ఇంటికి వస్తే లోపలి నుంచే పంపేశారట. రాష్ట్రం వచ్చిన రోజు వీధిలో పటాకులు పేలుతుంటే వరండాలో కూర్చుని పేపరు అడుగు చదువుతూ కనిపించారు. కన్వీనర్ మొదటి ఎన్నికల్లో గెలిచాడు. సారు ఇంటికి వచ్చి కాళ్లు మొక్కి ఫోటో దిగాడు.

దినాలయ్యాక నేను పలకరించడానికి పోతే ఆయన భార్య ఒక ఫైలు తెచ్చి పెట్టారు.

"నాకే ఇమ్మన్నారా అమ్మా?"

"ఎవలికీ ఇయ్యమనలే. పాత పేపర్లోనికి ఎయ్యబోయిన, మీరొచ్చిండ్రు."

ఎర్ర గీతల అమెరికా చర్చలు, దీక్షల నోటుబుక్కు, ప్రెస్సు పేరు లేని కరపత్రం. అన్నిటికన్నా అడుగున ఆ కాగితం. మడత విప్పాను. అడుగున కన్వీనర్ సంతకం ఉంది, తేదీ లేదు. వందల పత్రికా ప్రకటనల కింద చూసిన సంతకం అది, నేను పొరబడను.

దీక్షకు ముందే పెట్టాడా? అలాగైతే ఆ సాయంత్రం గ్లాసు తోసేయడం, మాటకు మాట, అంతా గురుశిష్యులు కన్వీనర్ ఇంట్లో కూర్చుని కుదుర్చుకున్న ఆట. పట్టు పట్టినందుకు సారుకు పేరు, దీక్ష నడిపించినందుకు శిష్యుడికి పేరు. లేక తర్వాత పెట్టాడా? అలాగైతే సంతకం చేతిలో పెట్టుకుని సారు ఎందుకు దాచారు? చూపితే సక్రి ఏ ఆఫీసు ముందైనా దాన్ని పట్టుకుని నిలబడేది. బయట పెట్టకూడదన్న షరతు మీద పడిందా? అది వెనుక తలుపు దగ్గరి ఒప్పందమే. ఇంకొకటి కూడా ఉంది. తేదీ లేని సంతకాన్ని ఆయన సంతకంగా ఒప్పుకునేవారు కాదు. ఆ పట్టుదలతోనే పక్కన పడేశారేమో. ఈ మూడోదే నిజం కావాలని నాకుంది. అందుకే దాన్ని ఎక్కువ అనుమానిస్తున్నాను.

కన్వీనర్‌ను అడిగాను. "ఉద్యమంల రోజుకు నూరు కాయిదాల మీద పెట్టిన అన్నా, యాద్ లేదు. సార్ దేవుడు" అన్నాడు. నేను లేస్తుంటే, "ఆ కాయిదం జర నాకియ్యరాదు, సార్ యాదికుంటది" అన్నాడు. ఇవ్వలేదు.

తండాకు పోయాను. సక్రికి జుట్టు నెరిసింది. వాకిట్లో మొదటి ఏరుడు పత్తి ఎండబోసి ఉంది. చదవడం రాదు కనుక సంతకం మీద నా వేలు పెట్టి చూపించాను. చాలాసేపు చూసింది.

"ముందు పెట్టిండా, నేను తాగినంక పెట్టిండా?"

"తెలుస్తలేదు సక్రీ."

"ముందే పెడితే నేను తాగుడు తప్పు గాదు. ఎనుక పెడితే, ఇంక జరసేపు కూసుంటే అందరి ముంగట పెడుతుండె." కాగితం నా చేతికి ఇచ్చేసింది. "సారు నా మీద కోపంతోటి పోయిండా, సిగ్గుతోటి పోయిండా? గదన్న చెప్పుండ్రి పేపర్ సారూ."

ఆ తండా మండలంలో కొనుగోలు సెంటరు ఇంకా పెట్టలేదు. ఈసారి పత్తి కూడా బండి మాట్లాడుకుని యార్డుకే పోతుందని సక్రి చెప్పింది. కాగితం నా దగ్గరే ఉంది. సంతకం పక్కన తేదీ కోసం సారు ఎర్ర పెన్సిలుతో గీసిన గీత ఖాళీగా ఉంది.